నాగమల్లి మొక్కు మార్చుకుంది

గిలకలదిండి హార్బరులో గోపి పాట అందుకుంటే నడిసముద్రంలో ఉన్న పడవకు కూడా వినపడుతుందని నాగమల్లేశ్వరి చెప్పేది. పాటంటే రాగాల పాట కాదు, వేలం పాట. పడవలు ఒడ్డుకు రాగానే చేపలు కుప్పలుగా పోస్తారు. గోపి ఒక్కో కుప్ప ముందు నిలబడి ధర అరుస్తాడు. చుట్టూ మూగినవాళ్ళు చెయ్యెత్తి పెంచుతారు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. మూడోసారి అన్నాడంటే ఆ కుప్ప చివర పాడినవాళ్ళదే. గోపి ఆమెకు స్వయానా తమ్ముడు. అయినా అక్క కదా అని ఒక్క కుప్ప కూడా ఆమెకు తక్కువకి కొట్టేయలేదు. ఆ సంగతి నాగమల్లి మా ఇంటి మెట్ల మీద కూర్చుని ఒకరోజు తిట్టుకుంటూ, ఒకరోజు మురిసిపోతూ చెప్పేది.

మా ఇల్లు మచిలీపట్నం ఈడేపల్లిలో. చేప వండని ఇల్లు. నా పేరు సీతారత్నం, లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. చేపలమ్మే మనిషికీ చేప తినని మనిషికీ స్నేహమెలా కుదిరిందని అడుగుతారేమో. మా వీధి మొత్తంలో పొద్దున పదింటికి నీడ పడేది మా మెట్ల మీదే. నాగమల్లి కాపురానికి వచ్చిన కొత్తలో తల మీద చుట్టకుదురు, దాని మీద తట్ట పెట్టుకుని ఆ మెట్ల దగ్గర ఆగి మంచినీళ్ళు అడిగింది. అప్పట్నుంచి ఆగుతూనే ఉంది.

ఆమె పుట్టిల్లు దివిసీమలో ఏటిమొగ. తల్లి పోయేనాటికి గోపికి ఇంకా మాటలు సరిగ్గా రాలేదు. పెళ్ళై అత్తవారింటికి వస్తూ తమ్ముణ్ణి చంకనేసుకుని వచ్చింది. అత్తగారు గుమ్మంలోనే మొహం చిట్లిస్తే, వీడుంటేనే నేనుంటానని చెప్పి గడప దాటింది. మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి గుడిలో వాడికి చెవులు కుట్టించినప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకున్నది కూడా ఆమే. వాడు పెట్టిన కేకకు వరసలో నిలబడ్డ జనమంతా వెనక్కి తిరిగి చూశారట. ఈ గొంతుంటే చాలు, వీడు ఎక్కడైనా బతికేస్తాడని ఆ రోజే ధైర్యం వచ్చిందని చెప్పేది.

అలాంటి గొంతు కిందటేడు వినాయక చవితి దాటాక తగ్గిపోయింది. ముందు అలసట అన్నారు. తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి, కాళ్ళు నీరు పట్టాయి, పొట్ట ఉబ్బింది. విజయవాడలో ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, కామెర్ల వైరస్ ఒకటి ఏళ్ళ తరబడి లోపలే కూర్చుని కాలేయాన్ని పాడుచేసిందన్నారు. ఇక మందులతో నెట్టుకురావచ్చు గానీ ఎక్కువ రోజులు కాదు, ఎవరైనా దగ్గరివాళ్ళు కాలేయంలో కొంత ముక్క ఇవ్వాలన్నారు. గోపి భార్య కుమారి రక్తం కలవలేదు. నాగమల్లిది కలిసింది.

కలిసిందని తెలియగానే ఆ మనిషి సంబరం చూడాలి. లాటరీ తగిలినవాళ్ళు కూడా అలా మొహం వెలిగించుకోరు. రిపోర్టులు ఇంగ్లీషులో ఉంటాయని నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. నేను లెక్కల టీచర్ని, కాలేయం నా సిలబస్ కాదని మొత్తుకున్నా వినలేదు. డాక్టరు వసుంధర గారు నెమ్మదైన మనిషి. స్కానింగులన్నీ చూసి, నాగమల్లి కాలేయం నిండా కొవ్వుందని చెప్పారు. అంత కొవ్వున్న కాలేయాన్ని కోస్తే ఇచ్చిన ముక్క తమ్ముడికి సరిగ్గా పనిచెయ్యదు, మిగిలిన ముక్క అక్కకు చాలదు. పైగా ఒంట్లో ఇన్సులిన్ ఎంత ఊరుతున్నా దాని మాట చెల్లడం లేదు, షుగరు గుమ్మంలో నిలబడి ఉంది. బరువు తగ్గి, కొవ్వు కరిగించుకుని వస్తే అప్పుడు చూద్దామన్నారు. డిసెంబరు దాకా గోపిని ఎలాగో కాపాడుకొస్తామన్నారు.

నాగమల్లికి కోపం ముంచుకొచ్చింది. చుక్క ముట్టని దానికి కాలేయం చెడడమేమిటని డాక్టరు గారినే నిలదీసింది. తాగకపోయినా ఇది వస్తుందని ఆవిడ ఓపిగ్గా చెప్పారు, తిండి గురించీ నడక గురించీ కూడా చెప్పారు. కానీ నాగమల్లి చెవిలో దూరింది ఒక్కటే మాట, కొవ్వు.

చేపలవాళ్ళకు కొవ్వంటే చేప కొవ్వే. పొట్ట కోసినప్పుడు వేళ్ళకు అంటుకునేది, పులుసు మీద మెరుస్తూ తేలేది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి తిన్నదంతా కాలేయంలో పోగుపడిందని తీర్మానించుకుంది. ఇంటికి రాగానే స్నానం చేసి, పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ ముడుపు కట్టి, మోపిదేవి స్వామి పటం ముందు మొక్కుకుంది. తమ్ముడు లేచి తిరిగేదాకా చేప ముట్టదు. మంగళవారం మంగళవారం స్వామికి చలిమిడి నైవేద్యం పెట్టి, రోజంతా అదే తిని ఉపవాసం ఉంటుంది.

చేపలమ్మే మనిషి చేప మానేసిందంటే మాటలా. మా వీధి వీధంతా మెచ్చుకుంది, నాతో సహా. ఆమె భర్త రత్తయ్య వేట నుంచి వచ్చి మాగ చేప పులుసు పెట్టుకుని తింటుంటే, ఈమె పక్కనే కూర్చుని పప్పన్నం, పెరుగన్నం కడుపు నిండా తినేది. నీరసం రాకుండా అరటిపళ్ళు తినేది. ఆకలేసినప్పుడల్లా ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంట్లో టీ తాగేది. తట్ట మోయడం ఎప్పుడో మానేసింది. మోపెడ్ కొన్నాక చేపల పెట్టె వెనక కట్టుకుని బుర్రుమని వచ్చి బుర్రుమని వెళ్ళడమే.

నెల దాటాక మళ్ళీ విజయవాడ వెళ్ళాం. ఈసారి ఆమె కొత్త చీర కట్టుకుంది, పరీక్ష రాసి ఫస్టుక్లాసు ఖాయమనుకున్న పిల్లలా కూర్చుంది. వసుంధర గారు కాగితాల్లోంచి తలెత్తి కొవ్వు తగ్గలేదన్నారు. కొంచెం పెరిగింది కూడా. రోజూ ఏం తింటున్నారని అడిగారు. నాగమల్లి గర్వంగా మొత్తం చెప్పింది. చలిమిడి దగ్గరికి వచ్చేసరికి డాక్టరు గారు కలం కింద పెట్టేశారు.

“చలిమిడా?” అన్నారు.

“బెల్లంతోనేనండీ, పంచదార కాదు,” అంది నాగమల్లి.

నాకు నవ్వొచ్చి చచ్చినంత పనైంది, కానీ ఆ గదిలో నవ్వితే మహాపాపం. వసుంధర గారు నవ్వలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని నెమ్మదిగా మొదలుపెట్టారు. అన్నమైనా బెల్లమైనా అరటిపండైనా లోపలికెళ్ళాక చక్కెరే. ఇన్సులిన్ ఆ చక్కెరను తీసుకొమ్మని కండల్ని పిలుస్తుంది. కండలు పని చేస్తుంటే వింటాయి, తీసుకుంటాయి. పనిలేక, ఉన్నదే నిండి కూర్చుంటే వినవు. ఇన్సులిన్ ఇంకా ఎక్కువ ఊరి ఇంకా గట్టిగా పిలుస్తుంది. అయినా వినవు. ఎవరూ తీసుకోని ఆ చక్కెర కాలేయం చేరి అక్కడ కొవ్వుగా మారి కూర్చుంటుంది. మీ కొవ్వు చేపది కాదమ్మా, అన్నానిది, బెల్లానిది, కూర్చోవడానిది అన్నారు.

నాగమల్లి కళ్ళు ఒక్కసారి పెద్దవయ్యాయి.

“మా తమ్ముడి పాటేనండి ఇది,” అంది. “నిన్నటి సరుకు కొనేవాళ్ళ తట్టల్లో అట్టానే ఉందనుకోండి, ఇవాళ వాడు ఎంత గొంతు చించుకున్నా ఎవరూ చెయ్యెత్తరు. వాడు ఇంకా అరుస్తాడు. పాట పోని చేపంతా తీసుకెళ్ళి ఐసు గదిలో పడేస్తారు. ఆ ఐసు గది నా కాలేయం, అంతేగదండీ?”

వసుంధర గారు ఇంతకంటే బాగా నేనే చెప్పలేనన్నారు. ముందు తట్టలు ఖాళీ చెయ్యండి, అప్పుడు కండలు చెయ్యెత్తుతాయన్నారు. అన్నం బాగా తగ్గించాలి, తీపి పూర్తిగా మానాలి, కడుపు నిండటానికి చేప, గుడ్డు, ఆకుకూర తినాలి, రోజూ ఒళ్ళు అలిసేలా నడవాలి. కాలేయం మంచిది, చెప్పినట్టు వింటే కొన్ని వారాల్లోనే వదిలించుకుంటుంది. కానీ టైము ఇదొక్కటే ఉంది, ఈసారి తప్పితే గోపి ఆగలేడని కూడా దాచకుండా చెప్పారు.

తిరుగు రైల్లో నాగమల్లి కిటికీ పక్కన కూర్చుని కొంగు చివర వేలికి చుట్టుకుంటూనే ఉంది. అర్థమైంది గదా, ఇక దిగులెందుకని నేను మనసులో విసుక్కుంటున్నాను. గుడివాడ స్టేషన్లో బండి ఆగాక నావైపు తిరిగింది.

“స్వామికిచ్చిన మాట తప్పితే ఆయన నా తమ్ముణ్ణి తీసుకుపోతాడు. మాట నిలబెట్టుకుంటే డాక్టరమ్మ కుదరదంటుంది. నేనెటు పోయేది టీచర్‌గారూ?”

అప్పుడు అర్థమైంది నాకు. ఆమెకు ఇన్సులిన్ కష్టం కాదు, ముడుపు కష్టం. మొక్కు మార్చుకోవచ్చని, అందరూ చేసేదేనని చెప్పాను. మా అత్తగారు నిలువుదోపిడీ మొక్కుకుని, పని అయ్యాక కొబ్బరికాయకు దిగిన సంగతి కూడా చెప్పాను. నాగమల్లి నన్ను ఎగాదిగా చూసింది. తగ్గించి మొక్కుకుంటే దేవుణ్ణి మోసం చేసినట్టే అంది. మారిస్తే పాత మొక్కు కంటే పెద్దదే పాడాలట. కొట్టేసిన పాట ఎవరైనా మళ్ళీ ఎత్తాలంటే మీద పాడాల్సిందే కదా అంది. బండి కదిలేసరికి ఆ మొహంలో వెలుగు వచ్చేసింది.

ఆ మంగళవారమే మోపిదేవి బయల్దేరాం. చల్లపల్లిలో బస్సు దిగి, ఇక్కణ్ణుంచి నడకే అంది. నా మోకాళ్ళ సంగతి ఎత్తితే, మీ మోకాళ్ళకు కూడా చెవులున్నాయి టీచర్‌గారూ, పిలిస్తే వింటాయి అంది. దారిపొడుగునా ఆమెను తిట్టుకుంటూనే నడిచాను. గుడి చేరేసరికి నేను చెమటతో తడిసి ముద్దయ్యాను, ఆమె కొంగు నడుముకు చుట్టుకుని నిటారుగా ఉంది. అర్చకుణ్ణి అడిగితే ఆయన, నీ మొక్కు నీదే కదమ్మా, నీ నోటితో నువ్వే చెప్పుకో అన్నారు.

నాగమల్లి పాత ముడుపు విప్పి రూపాయి హుండీలో వేసింది. కొత్త పసుపు గుడ్డ చేతిలో పట్టుకుని, పక్కన జనం ఉన్నారని కూడా చూడకుండా పైకే చెప్పుకుంది.

“స్వామీ, చేప వదలడం నాకు తేలికైపోయింది. తేలికైంది నీకెందుకు. అన్నం కుండ వదుల్తున్నా, తీపి వదుల్తున్నా, బండి వదుల్తున్నా. నా తమ్ముడి గొంతు మళ్ళీ హార్బర్లో వినపడేదాకా తట్ట తల మీదే. నా పాట ఇది. నీ ఇష్టం.”

ఇక చూడండి ఆ కార్తీకమాసం. బందరులో సగం ఊరు చేప ముట్టని నెల అది. అదే నెలలో నాగమల్లి గుప్పెడు అన్నం, రెండు చేప ముక్కలు, దండిగా తోటకూర తిని, తెల్లారేసరికి తట్ట ఎత్తుకునేది. మోపెడ్ మీద గోనె కప్పితే దాని మీద కోళ్ళు కాపురం పెట్టాయి. కొనేవాళ్ళు తక్కువ కాబట్టి ఇంకా ఎక్కువ దూరం తిరగాల్సి వచ్చేది. బలరామునిపేట, కోనేరు సెంటరు, చిలకలపూడి, మళ్ళీ ఈడేపల్లి. కార్తీకంలో చేపలేమిటని ఎవరైనా ముక్కు మూసుకుంటే, కొనకపోతే పోయారు, నా నడక చూడండి చాలు అనేది. మొదటి వారం పిక్కలు పట్టేసి మా మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఏడుస్తూనే పంచదార లేని టీ తాగింది. రెండో వారానికి చీర కుచ్చిళ్ళు వదులయ్యాయి. ఇంకొన్నాళ్ళకు జాకెట్లు బిగించి కుట్టించుకుంది. సాయంత్రాలు నన్నూ లేవదీసి నడిపించేది. నడవనంటే గేటు దగ్గర నిలబడి నా పేరు పెట్టి వేలం పాట మొదలుపెట్టేది, పరువు పోతుందని నేనే బయటికి వచ్చేదాన్ని.

గోపికి మాత్రం ఇది ఇష్టం లేదు. పడుకున్న చోటి నుంచే, నా కోసం నువ్వు కోయించుకోవద్దక్కా, నీకేమన్నా అయితే నేను బతికీ చచ్చినట్టేనని గొణిగాడు. గొణగడం తప్ప ఇంకేమీ రాని గొంతు అయిపోయింది అది. నాగమల్లి వాడి కాళ్ళ వాపు మీద చెయ్యి వేసి ఒకే మాట అంది.

“పాడే ఓపిక లేనోడివి, నోరు మూసుకో.”

బయటికి వచ్చాక గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేను వీపు నిమురుతూ నిలబడ్డాను. నాకూ భయంగానే ఉంది.

మూడోసారి పరీక్షలకు నేను వెళ్ళలేకపోయాను, మా ఇంట్లో తద్దినం. పొయ్యి మీద పాలున్నాయి, ఒక చెవి ఫోను మీద ఉంది. ఫోను మోగింది. అవతల నాగమల్లి ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు, చివరికి వసుంధర గారే ఫోను తీసుకున్నారు. కొవ్వు చాలావరకు పోయిందన్నారు. ఇన్సులిన్ ఇదివరకటి కంటే బాగా తక్కువ ఊరుతున్నా చక్కెర అదుపులో ఉందన్నారు. కాలేయం ఇవ్వొచ్చన్నారు. పాలు పొంగి పొయ్యంతా పోయాయి. పోతే పోనీ అని వంటింట్లో నిలబడి చప్పట్లు కొట్టాను, తద్దినానికి వచ్చిన బ్రాహ్మడు హడలిపోయి తొంగి చూశాడు.

డిసెంబరులో ఆపరేషన్ అయింది. పొద్దున లోపలికి తీసుకెళ్ళినవాళ్ళని చీకటి పడ్డాక గానీ చూపించలేదు. కుమారి, రత్తయ్య, నేను ఒకే బెంచీ మీద కూర్చున్నాం. రత్తయ్య తుఫానుల్లో పడవ నడిపిన మనిషి, ఆ రోజు నీళ్ళ సీసా మూత తీసి, తాగకుండానే మళ్ళీ పెట్టేస్తూ కూర్చున్నాడు. ఇద్దరూ క్షేమమని వసుంధర గారు వచ్చి చెప్పినప్పుడు ఆయన కిందికి వంగి నేలను మొక్కాడు. ఇచ్చిన ముక్క తమ్ముడిలో పెరుగుతుంది, మిగిలిన ముక్క అక్కలో పెరుగుతుంది అన్నారావిడ. నా లెక్కల ప్రకారం ఒకటిని రెండుగా చేస్తే రెండు సగాలే రావాలి. రెండు ఒకట్లు రావడం నా సర్వీసులో ఎప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత ఆరు నెలలు ఇద్దరూ ఇంటిపట్టునే ఉన్నారు. వేసవిలో వేట నిషేధం వచ్చింది, పడవలన్నీ కట్టేశారు. జూన్ నెల మధ్యలో నిషేధం ఎత్తేశాక మొదటి పడవలు సరుకుతో తిరిగొచ్చే రోజున గోపి పాటకు వస్తున్నాడని కబురు వచ్చింది. ఇన్నేళ్ళు బందరులో ఉండి హార్బరు మొహం చూడని నేను, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నాగమల్లి వెనక నిలబడ్డాను.

గోపి సన్నబడ్డాడు, చొక్కా వేలాడుతోంది. అయినా కళ్ళు తెల్లగా ఉన్నాయి. మొదటి కుప్ప కానాగంతలు. గొంతు సవరించుకుని ధర అరిచాడు. పాత గొంతు కాదు, కొంచెం జీర ఉంది, కానీ నీళ్ళ అవతలి పడవ మీదున్న మనిషి తల తిప్పాడు. నాగమల్లి చెయ్యెత్తింది. తర్వాత ఎవరూ ఎత్తలేదు. ఒక్కరంటే ఒక్కరు. తలలు వంచుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు. మొదటి కుప్ప అక్కకే, మొదటి ధరకే పోవాలని అందరూ ముందే అనుకున్నారని నాకు అప్పుడు తెలిసింది.

గోపికి కోపం వచ్చింది. మొహం ఎర్రబడింది.

“ఏం, చెవులు పోయాయా అందరికీ? నా పాటలో అక్కలేదు, చెల్లి లేదు. పాడండి.”

ఎవరూ కదల్లేదు. నాగమల్లి తమ్ముణ్ణి చూసింది. చెయ్యి మళ్ళీ ఎత్తింది. తన పాట మీద తనే పెంచి పాడింది. జనం గొల్లుమన్నారు. ఆమె నవ్వలేదు. ఇంకోసారి ఎత్తింది, ఇంకొంచెం పెంచింది, ఆ కుప్పకు న్యాయమైన ధర వచ్చేదాకా ఎత్తుతూనే ఉంది.

గోపి ఒకటోసారి అన్నాడు. రెండోసారి అన్నాడు. అక్కను చూస్తూ నోరు తెరిచాడు, మూడో మాటకు గొంతు రాలేదు. కళ్ళ నీళ్ళు చెంపల మీదుగా చొక్కా మీద పడుతున్నాయి. హార్బరంతా వాడి కోసం ఆగింది. అప్పుడు వెనక నుంచి ఎవరో మొదలుపెట్టారు, పక్కవాళ్ళు అందుకున్నారు, ముక్కు మీద కొంగు ఎప్పుడు జారిందో తెలియదు, నేను కూడా గొంతెత్తి అందరితో కలిసి అరిచాను.

“మూడోసారి.”